కళ్ళకు గంతలు కట్టి చేసిన పరీక్ష

నిజమైన శాస్త్రం, శాస్త్రం వేషం వేసుకొన్న భ్రమ - ఈ రెండూ పక్కపక్కన నిలబడినప్పుడు వాటిని వేరు చేయడం పైకి తోచినంత సులభం కాదు. వింతగా ఉన్నంత మాత్రాన ఒక విషయం అబద్ధం కాదు. భూమి తిరుగుతున్నదన్న మాట ఒకప్పుడు అందరికీ వింతగానే తోచింది. పండితుడు చెప్పినంత మాత్రాన అది నిజమూ కాదు. పదిమంది తమకు మేలు కలిగిందని సాక్ష్యం చెప్పినా సందేహం తీరదు. అట్లయితే దేనిని బట్టి నిర్ణయించాలి? ఈ ప్రశ్న 1784వ సంవత్సరంలో పారిస్ నగరంలో తొమ్మిదిమంది విజ్ఞుల ముందుకు వచ్చింది. వారు వాదించి ఊరుకోలేదు, ప్రయోగం చేశారు. ఆ ప్రయోగాల పద్ధతి నేటికీ వైద్యశాస్త్రానికి ఆధారంగా నిలిచి ఉన్నది.

వియన్నా వైద్యుడు

ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ 1734లో దక్షిణ జర్మనీలో, కాన్‌స్టన్స్ సరస్సు సమీపాన ఉన్న ఇజ్నాంగ్ అనే గ్రామంలో జన్మించాడు. వియన్నాలో వైద్యవిద్య అభ్యసించి 1766లో పట్టం పుచ్చుకొన్నాడు. అప్పుడు అతడు సమర్పించిన వ్యాసం మానవ శరీరంపై గ్రహాల ప్రభావాన్ని గూర్చినది. చంద్రసూర్యుల ఆకర్షణవల్ల సముద్రానికి ఆటుపోట్లు కలుగుతున్నవి గదా, అట్టి ఆకర్షణ మన శరీరం మీద మాత్రం ఎందుకు పనిచేయకూడదు అన్నది అతని ఆలోచన. న్యూటన్ సిద్ధాంతం అన్నిచోట్లా జయిస్తున్న ఆ రోజులలో ఇది వెర్రి ఆలోచనగా ఎవరికీ కనిపించలేదు.

1774లో మెస్మర్ ఒక రోగిణికి అయస్కాంతాలతో చికిత్స చేశాడు. ఆ అయస్కాంతాలను తయారు చేయించి ఇచ్చినవాడు మాక్సిమిలియన్ హెల్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు. అయస్కాంతాలను శరీరం మీద ఉంచగానే ఏదో ప్రవాహం తన ఒంటిలో పారుతున్నట్లు ఆమె చెప్పింది. బాధ కొంత ఉపశమించింది. తరువాత మెస్మర్ మరొక సంగతి గమనించాడు. అయస్కాంతమే అక్కరలేదు, కాగితం, రొట్టె, ఉన్ని, పట్టు, తోలు, గాజు, నీరు - వేటిని తాకించినా రోగులకు అదే అనుభవం కలుగుతున్నది!

ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించాలి. అయస్కాంతం ఉన్నా లేకున్నా ఫలితం ఒక్కటే అయినప్పుడు, ఆ ఫలితానికి కారణం అయస్కాంతం కాదని తేలిపోతున్నది. కారణం మరెక్కడో, బహుశా రోగి మనసులోనే, ఉండవచ్చును. జాగ్రత్త గల పరిశోధకుడు ఆ దారిని వెదికేవాడు. మెస్మర్ అట్లా చేయలేదు. కాగితంలోనూ రొట్టెలోనూ పనిచేసే ఒక సూక్ష్మద్రవం విశ్వమంతటా నిండి ఉన్నదనీ, అది శరీరంలో సరిగా ప్రసరించకపోవడమే రోగమనీ, ఆ ద్రవాన్ని తన చేతులతో నడిపించగలననీ ప్రకటించాడు. దానికి జాంతవ అయస్కాంతశక్తి అని పేరు పెట్టాడు. తన ఊహకు అడ్డు వచ్చిన సాక్ష్యాన్ని చూచి ఊహను వదలుకొనక, ఆ సాక్ష్యం కూడా ఇమిడేటట్లు ఊహను పెద్దది చేశాడు. మిథ్యాశాస్త్రం పుట్టే చోట్లలో ఇది ముఖ్యమైనది.

1777లో అతడు మారియా తెరీజియా పారాడిస్ అనే అంధ సంగీత విద్వాంసురాలికి చూపు తెప్పించానని చెప్పుకొన్నాడు. తల్లిదండ్రులు ఆమెను ఇంటికి తీసుకొనిపోయారు. ఆమె జీవితాంతం అంధురాలిగానే ఉన్నది. ఈ వివాదం పెరగడంతో మెస్మర్ వియన్నా విడిచి 1778లో పారిస్ చేరుకొన్నాడు.

కొయ్యతొట్టి చుట్టూ

పారిస్‌లో అతని కీర్తి కొద్దికాలంలోనే మారుమ్రోగింది. రోగులు ఎక్కువై, ఒక్కొక్కరికి విడిగా చికిత్స చేయడం సాధ్యం కాక, అతడు ఒక పెద్ద కొయ్యతొట్టి చేయించాడు. అందులో నీటి సీసాలు, ఇనుప రజను ఉంచేవారు. మూతలోనుండి వంచిన ఇనుప కడ్డీలు బయటికి వచ్చేవి. రోగులు చుట్టూ కూర్చుండి, నొప్పి ఉన్నచోట కడ్డీలు ఆనించుకొని, ఒక తాడుతో ఒకరికొకరు కలుపబడి ఉండేవారు. ప్రక్కన సంగీతం సాగేది. మెస్మర్‌కు ప్రియమైన వాద్యం గాజు గిన్నెల హార్మోనికా. దానిని 1761లో రూపొందించినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. అతనే తరువాత ఈ చికిత్సకు పరీక్షకుడు కావడం విచిత్రం.

కొంతసేపటికి ఒకరికి దగ్గు, ఒకరికి ఏడుపు, మరొకరికి ఈడ్పులు వచ్చేవి. జాతరలో ఒకరికి పూనకం రాగానే పక్కవారికి కూడా వచ్చినట్లు, ఒకరికి మొదలైన ఈడ్పులు వరుసగా ఇతరులకు పాకేవి. రోగం కుదరడానికి ఈ స్థితి అవసరమని మెస్మర్ చెప్పేవాడు.

1783లో అతని శిష్యులు ఒక సంఘం స్థాపించారు. అందులో చేరి రహస్యం తెలుసుకోదలచినవారు 100 లూయీ బంగారు నాణేలు చెల్లించాలి. తెలుసుకొన్నది బయటపెట్టరాదని మాట ఇవ్వాలి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పేరు పొందిన లాఫయెట్ కూడా ఇందులో సభ్యుడు. చదువుకొన్నవారు భ్రమకు లోబడరని అనుకోవడం ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తున్నది.

ఆ కాలపు వాతావరణాన్ని కూడ గమనించాలి. 1752లో ఫ్రాంక్లిన్ సూచించిన ప్రయోగంతో మెరుపు విద్యుత్తేనని ఋజువయింది. 1783 నవంబరులో మానవుడు మొదటిసారిగా బెలూనులో పారిస్ మీదుగా ఎగిరాడు. రోజుకొక అద్భుతం నిజమవుతున్నప్పుడు, కనబడని ద్రవం మరొకటి ఉన్నదంటే నమ్మడానికి జనం సిద్ధంగానే ఉన్నారు. దానిని ఉత్త మూఢత్వమని కొట్టివేయడం న్యాయం కాదు.

తొమ్మిదిమంది పరీక్షకులు

1784 మార్చిలో ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ ఈ విషయాన్ని విచారించడానికి ఒక సంఘాన్ని నియమించాడు. వైద్య విద్యాపీఠం నుండి నలుగురు, శాస్త్ర అకాడమీ నుండి ఐదుగురు. వీరిలో రసాయనశాస్త్రానికి కొత్త పునాది వేసిన లవాజియే, ఖగోళశాస్త్రజ్ఞుడు బయ్యీ, వైద్యుడు గియొతాఁ ఉన్నారు. అమెరికా రాయబారిగా పారిస్ చెంత పాసీలో ఉంటున్న ఫ్రాంక్లిన్ కూడా సభ్యుడే. అప్పటికి అతనికి 78 సంవత్సరాలు. మూత్రాశయంలో రాయి ఉన్నందువల్ల ప్రయాణాలు చేయలేని స్థితిలో ఉండగా, కొన్ని ప్రయోగాలు అతని ఇంటనే జరిగినవి.

మెస్మర్ ఈ పరీక్షకు తోడ్పడలేదు. అతని శిష్యుడూ, రాజు తమ్మునికి వైద్యుడూ అయిన షార్ల్ దెస్లాన్ ముందుకు వచ్చి తన చికిత్సను పరీక్షించమన్నాడు. దెస్లాన్ మోసగాడు కాడు. తాను చేస్తున్నది నిజమని మనసారా నమ్మినవాడు. అందుచేతనే ఈ కథ మరింత విలువైనది. మోసగాణ్ణి పట్టుకోవడానికి పోలీసులు చాలు. నిజాయితీగా పొరబడిన వానిని పరీక్షించడానికి శాస్త్రం కావాలి.

మొదట రావలసిన ప్రశ్న, రోగాలు కుదురుతున్నవా లేదా అన్నది. దెస్లాన్ కోరిక కూడా అదే: కుదిరిన రోగాలను చూడండి, అవే సాక్ష్యం అన్నాడు. పరీక్షకులు అందుకు ఒప్పుకోలేదు. చాలా జబ్బులు మందు లేకుండానే కొంతకాలానికి తగ్గుతవి. మందు తిన్న తరువాత తగ్గినది గనుక మందువల్లనే తగ్గినదని చెప్పలేము. కోడి కూసిన తరువాత తెల్లవారుతున్నది. అయినా తెల్లవారడానికి కోడి కారణం కాదు గదా. అందుచేత వారు ప్రశ్నను మార్చారు: ఆ ద్రవం ఉన్నదా? ఉంటే, రోగికి తెలియకుండా ప్రయోగించినా అది పనిచేయాలి. లేని చోట ఉన్నదని చెప్పినా పనిచేయకూడదు. ఈ రెండు వాక్యాలలోనే పరీక్ష అంతా ఇమిడి ఉన్నది.

ముందుగా పరీక్షకులు తమపైననే ప్రయోగం చేయించుకొన్నారు, ఏమీ తోచలేదు. తరువాత 14 మంది రోగులపై చేయించగా ఐదుగురికి మాత్రమే ఏదో తోచినది. అప్పుడు అసలు ప్రయోగాలు మొదలైనవి.

నేరేడు చెట్టు కాదు, ఆప్రికాట్ చెట్టు

మెస్మర్ మతం ప్రకారం చెట్టుకు కూడా ఈ శక్తిని ఎక్కించవచ్చును. పాసీలో ఫ్రాంక్లిన్ తోటలో వేరుగా నిలిచి ఉన్న ఒక ఆప్రికాట్ చెట్టుకు దెస్లాన్ శక్తి ఎక్కించాడు. శక్తికి బాగా లోబడతాడని దెస్లాన్ స్వయంగా ఎన్నుకొన్న 12 ఏళ్ళ బాలుణ్ణి ఇంటిలోనే ఉంచి, తరువాత కళ్ళకు గంతలు కట్టి తోటలోనికి తీసుకువచ్చారు. శక్తి ఎక్కించని నాలుగు చెట్లను వరుసగా కౌగిలించుకోమన్నారు. మొదటి చెట్టు వద్ద బాలునికి చెమటలు పోసి, దగ్గు వచ్చి, తల నొప్పి అన్నాడు. రెండవదాని వద్ద మత్తు కమ్మింది. మూడవదాని వద్ద అది హెచ్చింది. శక్తి ఎక్కించిన చెట్టు దగ్గరపడుతున్నదన్నాడు. నిజానికి అప్పుడు ఆ చెట్టుకు అతడు 38 అడుగుల దూరంలో ఉన్నాడు. నాలుగవ చెట్టు వద్ద స్పృహ తప్పి, కాళ్ళూ చేతులూ బిగుసుకొన్నవి. శక్తి ఎక్కించిన ఆప్రికాట్ చెట్టు వద్దకు అతడు పోనే లేదు!

దెస్లాన్ దీనికి ఒక సమాధానం చెప్పాడు: ఆరుబయట ఉన్న చెట్లన్నిటిలోనూ సహజంగానే ఈ శక్తి ఉంటుంది, తాను అక్కడ ఉండడంవల్ల అది హెచ్చింది అని. పరీక్షకులు ఒక్క మాటతో ఆ సమాధానాన్ని తోసిపుచ్చారు: అట్లయితే ఇట్టి శరీరతత్వం గలవారెవరూ ఈడ్పులు రాకుండా తోటలో నడవలేరు గదా అన్నారు.

మరొక రోగిణి కళ్ళకు గంతలు కట్టి, దెస్లాన్‌ను గదిలోనికి పిలిపించామని చెప్పారు. అతడు గదిలో లేనే లేడు. మూడు నిమిషాలలో ఆమెకు వణుకు పుట్టి ఈడ్పులు వచ్చినవి. లవాజియే ఇంట మరొక ప్రయోగం జరిగింది. ఒక స్త్రీకి వరుసగా కొన్ని గిన్నెలతో మామూలు నీరు ఇచ్చారు. శక్తి ఎక్కించిన నీరని ఆమె అనుకొన్నది. నాలుగవ గిన్నె వద్ద ఈడ్పులు వచ్చినవి. తేరుకొన్న తరువాత దాహమని అడిగితే, నిజంగా శక్తి ఎక్కించిన గిన్నెనే చేతికిచ్చారు. ఆమె నిమ్మళంగా త్రాగి, ప్రాణం కుదుటపడిందన్నది.

ఇంకొక ప్రయోగంలో ఒక స్త్రీని తలుపు దగ్గర కూర్చుండబెట్టి మాటలలో పెట్టారు. ఆ తలుపుకు కొయ్య తీసివేసి కాగితం అంటించి ఉన్నది. కాగితానికి అవతల నుండి అరగంటసేపు శక్తి ప్రయోగించినా ఆమె నవ్వుతూ కబుర్లు చెబుతూనే ఉన్నది. తరువాత ప్రయోగించేవాడు ఎదుటికి వచ్చి, మెస్మర్ నియమాలకు పూర్తిగా విరుద్ధంగా చేతులు ఆడించగా కొద్ది నిమిషాలలోనే ఈడ్పులు పుట్టినవి.

తీర్పు, దాని విలువ

1784 ఆగస్టు 11న పరీక్షకులు తమ నివేదికపై సంతకాలు చేశారు. దాని సారాంశం ఇది: శక్తి ప్రయోగం లేకుండా ఊహ ఒక్కటే ఉన్నా ఈడ్పులు వస్తున్నవి, ఊహ లేకుండా శక్తి ప్రయోగం ఉంటే ఏమీ జరగడం లేదు. కాబట్టి ఆ ద్రవం ఉన్నదనడానికి ఆధారం లేదు.

ఈ నివేదికలో గమనించదగినది ఇంకొకటి కలదు. రోగులు నటిస్తున్నారని పరీక్షకులు అనలేదు. ఆ బాలుని చెమట నిజం, మూర్ఛ నిజం. వారు కాదన్నది అనుభవాన్ని కాదు, దానికి చెప్పిన కారణాన్ని. నేటి ఉపాధ్యాయుడు ఈ భేదాన్ని విద్యార్థులకు స్పష్టంగా చెప్పాలి. నాకు నిజంగా జరిగింది అని ఎవరైనా అన్నప్పుడు నీవు అబద్ధమాడుతున్నావు అనడం తొందరపాటు, పైగా మొరటుతనం. జరిగినది నిజమే కావచ్చును. ఎందువల్ల జరిగిందన్నదే ప్రశ్న.

ఊహయే అంత బలమైన మందయితే ఆ మందునే ఎందుకు వాడకూడదని దెస్లాన్ ఒకచోట అడిగాడు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దీనికి జవాబు మూడు విధాలు. నొప్పి తగ్గినట్లు తోచినా లోపలి వ్యాధి తగ్గదు. తగ్గినదని నమ్మిన రోగి సరియైన చికిత్సకు పోవలసిన కాలాన్ని పోగొట్టుకొంటాడు. ఈడ్పులు అలవాటయినకొద్దీ ఒకరిని చూచి ఒకరికి అంటుకొని క్రొత్త కీడును తెచ్చిపెడతవి. ఇందులో చివరి ప్రమాదాన్ని పరీక్షకులు తమ నివేదికలోనే హెచ్చరించారు.

వారు చూపిన దారి వృథా పోలేదు. 1796లో అమెరికాలో ఎలీషా పెర్కిన్స్ అనే వైద్యుడు రెండు లోహపు కడ్డీలను ఒంటిమీద రాస్తే నొప్పులు పోతవని చెప్పి వాటికి పేటెంటు పొందాడు. ఇంగ్లండులో జాన్ హేగార్త్ అనే వైద్యుడు 1799లో బాత్ పట్టణంలో ఐదుగురు రోగులపై కొయ్యతో చేసి లోహపు రంగు పూసిన కడ్డీలను ప్రయోగించాడు. నలుగురు తమకు గుణమిచ్చిందన్నారు. ఆ కాలం తరువాత, మందుకు బదులు మందు వలె కనిపించే వట్టి మాత్రను కొందరికి ఇచ్చి పోల్చడం, ఎవరికి ఏది ఇచ్చినదీ రోగికే గాక పరీక్షించే వైద్యునికి సైతం తెలియకుండా ఉంచడం క్రమంగా స్థిరపడింది. నేడు క్రొత్త మందుల పరీక్షలో ఇది సామాన్య నియమం.

అట్లని ఆనాటి చికిత్సలో ఉన్నదంతా పనికిరానిదే అని తేలలేదు. 1840 తరువాత జేమ్స్ బ్రెయిడ్ అనే శస్త్రవైద్యుడు ద్రవం మాట వదలివేసి, ఏకాగ్రతవల్ల కలిగే ఆ నిద్రవంటి స్థితిని మాత్రం పరిశీలించి దానికి హిప్నాటిజం అని పేరు స్థిరపరచాడు. 1845లో వంగదేశంలోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే వైద్యుడు రోగులను ఈ స్థితిలో ఉంచి శస్త్రచికిత్సలు చేశాడు. మరుసటి సంవత్సరమే అమెరికాలో ఈథరు మత్తును బహిరంగంగా ప్రదర్శించారు. నమ్మకంతో నిమిత్తం లేకుండా పనిచేసే ఈథరు, క్లోరోఫారంల ముందు పాత పద్ధతి నిలువలేదు.

తప్పు శాస్త్రం వేరు, మిథ్యాశాస్త్రం వేరు

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. మెస్మర్ కనబడని ద్రవాన్ని ఊహించాడు. కాని ఆయనను పరీక్షించిన లవాజియే కూడా ఒక కనబడని ద్రవాన్ని నమ్మినవాడే! ఉష్ణం అనేది బరువు లేని ఒక ద్రవమని అతని మతం. దానికి కెలోరిక్ అని పేరు. ఆ ద్రవమూ లేదని తరువాత తేలింది. ఇద్దరూ తప్పే చెప్పారు. మరి ఒకరిని శాస్త్రజ్ఞుడనీ, మరొకరిని కాదనీ ఎందుకు అంటున్నాము?

భేదం ఫలితంలో లేదు, నడకలో ఉన్నది. లవాజియే, లాప్లాసుతో కలిసి, మంచు కరగడాన్ని బట్టి ఉష్ణాన్ని కొలిచే పరికరం నిర్మించాడు. ఎంత ఉష్ణానికి ఎంత మంచు కరగాలో అంకెలలో చెప్పాడు. అంకెలలో చెప్పిన మాటను మరొకడు కొలిచి చూడవచ్చును, తప్పయితే పట్టుకోవచ్చును. 1798లో రంఫర్డ్ ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు, రాపిడి సాగినంతకాలం ఉష్ణం అంతులేకుండా పుట్టడం చూచి, లోపల నిలువ ఉన్న ద్రవమయితే ఎప్పుడో ఒకప్పుడు తరిగిపోవాలి గదా అని ప్రశ్నించాడు. 1840 తరువాత జౌల్ పనికీ ఉష్ణానికీ గల సంబంధాన్ని కొలిచి చూపాడు. కెలోరిక్ సిద్ధాంతం ఓడిపోయింది. ఓడిపోగలిగినది గనుకనే అది శాస్త్రం. మెస్మర్ ద్రవం ఓడిపోవడానికి వీలులేనిది. చెట్టు ప్రయోగం విఫలమయితే చెట్లన్నిటిలోనూ ఉన్నదనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ఏ ఫలితం వచ్చినా గెలిచే సిద్ధాంతం, నిజానికి ఏమీ చెప్పని సిద్ధాంతం.

ఈ కథలోని వ్యక్తుల చివరిరోజులు కూడా చెప్పుకోదగినవి. బయ్యీ 1793లోనూ, లవాజియే 1794లోనూ ఫ్రెంచి విప్లవంలో శిరచ్ఛేదానికి గురి అయినారు. వారి తలలు తీసిన యంత్రానికి వారితో పాటు ఈ పరీక్షలో కూర్చున్న గియొతాఁ పేరే నిలిచిపోయింది. మెస్మర్ పారిస్ విడిచిపోయి 1815లో కాన్‌స్టన్స్ సరస్సు తీరాననే మరణించాడు. మనుషులు పోయినా పద్ధతి మిగిలింది.

ఆ పద్ధతికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఫ్రాంక్లిన్ తోటలో వాడినది ఒక గుడ్డపీలిక మాత్రమే. మన గ్రామాలలో బోరు వేయబోయే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని, లేదా చీలిక గల పుల్ల పట్టుకొని నడిచి, నీరున్న చోటు చూపేవారు నేటికీ ఉన్నారు. అప్పు తెచ్చి బోరు వేసే రైతుకు ఇది వినోదం కాదు. అట్టివానిని ఎగతాళి చేయవలసిన పని లేదు. అతడు చూపిన చోటునే, కళ్ళకు గంతలు కట్టి, చుట్టూ త్రిప్పి, మరి పదిసార్లు నడిపించి చూడవచ్చును. ప్రతిసారీ అదే చోట కాయ లేస్తున్నదా, లేక చోటు మారుతున్నదా? పరీక్షకు ముందే అతనిని అడగాలి: ఏ ఫలితం వస్తే నీ మాట తప్పని ఒప్పుకొంటావు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవాడు, తప్పినా శాస్త్రం దారిలో ఉన్నవాడే. చెప్పనివాని మాట ఎంత పండితభాషలో ఉన్నా దానిని నమ్మి సొమ్ము పెట్టరాదు, ప్రాణం అసలే పెట్టరాదు.